ఒకే చావుకు రెండు శీర్షికలు

తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు చేరే వేళకు, జంగ్లీఘాట్ చేపల రేవు ముందున్న టీ బడ్డీ బల్లమీద ఒక వృద్ధుడు వచ్చి కూర్చుంటాడు. ఆయన వేట మానుకొని చాలా ఏళ్లయింది. అయినా ఆ వేళకు ఇంట్లో ఉండలేడు. ఒక చేతిలో టీ గ్లాసు, మరొక చేతిలో వార్తాపత్రిక. ఆ పత్రిక ఆనాటిదే కానక్కరలేదు. వారం కిందటిదైనా, చేపలు చుట్టడానికి తెచ్చినదైనా, ముందు ఆయన చేతిలో పడవలసిందే. మొదటి పుట కంటె లోపలి పుటలంటేనే ఆయనకు మక్కువ. "పోలీసు కాల్పులు", "ఎదురుకాల్పులు", "లాకప్పులో మృతి" అన్న మాటలు కనబడితే చూపు అక్కడే నిలిచిపోతుంది. ఆ వార్తను రెండుసార్లు చదువుతాడు. ఆ తరువాత జేబులోంచి పెన్సిలు తీసి, చనిపోయిన మనిషిని ఆ వార్త ఏమని పిలిచిందో చూసి, ఆ మాట కింద ఒక గీత గీస్తాడు.

ఈ అలవాటు ఆయనకు 2015 ఏప్రిల్‌లో పట్టుకుంది. దాని వెనుక ఒక తగవు ఉన్నది. ఆ తగవు వెనుక, దాదాపు నలభై ఏళ్ల నాటి మరొక జ్ఞాపకం ఉన్నది.

జంగ్లీఘాట్ పోర్ట్ బ్లెయిర్ నగరంలో ఒక పేట. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఆ నగరానికి శ్రీ విజయపురం అని పేరు మార్చింది గాని, పేట పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఘాట్ అంటే రేవు. జంగ్లీ అంటే అడవి మనిషి. వాడుకలో అనాగరికుడు, మొరటువాడు. ఆ పేరు పలికేటప్పుడు అందులో ఒక మనిషిని తక్కువ చేసే మాట ఉన్నదని అక్కడ ఎవరికీ తట్టదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి సముద్రం దాటి వచ్చిన తెలుగు కుటుంబాలు ఆ పేటలో స్థిరపడి తరాలు గడిచాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో సుమారు ఎనిమిదింట ఒక వంతు ప్రజల మాతృభాష తెలుగే.

ఆ వృద్ధుడు 1970లో, పద్నాలుగో ఏట, శ్రీకాకుళం జిల్లాలోని ఒక తీరగ్రామం నుంచి మేనమామ వెంట ఓడ ఎక్కి వచ్చాడు. చదువు అయిదో తరగతితో ఆగింది. ఓడ వచ్చిన రోజున సామాన్ల చుట్టూ కట్టుకొని వచ్చే తెలుగు పత్రికలే ఆయనకు పై చదువు చెప్పాయి. ఊరి అక్షరం కనబడితే ఊరు కనబడినట్టే ఉండేదని ఆయన ఇప్పటికీ అంటాడు. అచ్చులో ఉన్నది అబద్ధం కాదన్న నమ్మకం ఆ రోజులలో ఏర్పడింది. అది చాలాకాలం చెక్కుచెదరలేదు.

ఇరవై మంది

పక్క ఇంటిలో ఉండే తమిళ పెద్దమనిషి రామనాథపురం వైపు వాడు. ఇద్దరిదీ ముప్పై ఏళ్ల స్నేహం. ఒకరి భాష మరొకరికి అంతంత మాత్రం. అండమాన్‌లో అందరూ మాట్లాడుకునే హిందీలోనే వాళ్ల కబుర్లన్నీ సాగుతాయి. సాయంత్రం వేళ ఆయన తమిళ పత్రిక, ఈయన తెలుగు పత్రిక పట్టుకొని ఒకే అరుగుమీద కూర్చోవడం అలవాటు.

2015 ఏప్రిల్ 7న చిత్తూరు జిల్లా శేషాచలం అడవులలో, ఎర్రచందనం అక్రమ రవాణాను అరికట్టడానికి ఏర్పడిన పోలీసు టాస్క్‌ఫోర్సు ఇరవై మందిని కాల్చి చంపింది. చనిపోయినవారు తమిళనాడు వారు. వారిలో పలువురు తిరువణ్ణామలై ప్రాంతపు జవ్వాదు కొండలకు చెందిన గిరిజనులు. గొడ్డళ్లతో, రాళ్లతో తమపై దాడి చేయగా ఆత్మరక్షణకై కాల్చామని పోలీసులు చెప్పారు. ముందు రోజే కొందరిని బస్సులోంచి దించి తీసుకుపోయారని, తప్పించుకున్నామన్న వారు జాతీయ మానవ హక్కుల సంఘం ఎదుట చెప్పారు.

ఆ వార్త పత్రికలలో జంగ్లీఘాట్ చేరిన సాయంత్రం ఇద్దరూ ఎప్పటిలాగే అరుగుమీద కూర్చున్నారు. తెలుగు పత్రికలో ఆ ఇరవై మందీ "స్మగ్లర్లు", "దుంగల దొంగలు". తమిళ పత్రికలో ఆ ఇరవై మందే "కూలీలు", "పొట్టకూటికి పోయిన పేదలు". తెలుగు పత్రిక పోలీసు అధికారి మాటతో మొదలైంది. తమిళ పత్రిక, వార్త తెలిసి గుండెలు బాదుకుంటున్న ఒక భార్య మాటతో మొదలైంది. ఒకదానిలో దుంగల విలువ వేసి చూపారు. మరొకదానిలో అనాథలైన పిల్లలను లెక్కించారు.

"మీవాళ్లు చంపేశారు" అన్నాడు తమిళ మిత్రుడు.

"మీవాళ్లు దొంగతనానికి వచ్చారు" అన్నాడు ఈయన.

ఇద్దరూ శేషాచలం కొండలను చూసినవారు కారు. ఇద్దరూ సొంత ఊరు విడిచి దశాబ్దాలైంది. అయినా "మీవాళ్లు" అన్న మాట ఇద్దరి నోటా క్షణంలో వచ్చింది. మాట పెరిగింది. పత్రికలు మడిచి ఎవరి ఇంటికి వారు పోయారు. రెండు రోజులు అరుగు ఖాళీగా ఉండిపోయింది.

ఆ రెండు రాత్రులూ ఆయనకు నిద్రపట్టలేదు. దొంగతనం జరగలేదని ఆయన అనుకోలేదు. ఎర్రచందనం దొంగతనం నిజం. వేలమంది కూలీలను ఆ అడవులకు పంపి కోట్లు గడించే దళారుల సంగతీ నిజమే. ఆయనను బాధించినది వేరు. చనిపోయినవారు తెలుగువారై, చంపినది తమిళ పోలీసులై ఉంటే రెండు పత్రికలూ తమ మాటలను ఇచ్చిపుచ్చుకునేవి కావా? ఆ ప్రశ్న వచ్చిన తరువాత ఇంక పోలేదు. మూడో రోజున తన పత్రిక పట్టుకొని తానే పక్క ఇంటి గడప తొక్కాడు. రెండు పత్రికలనూ బల్లమీద పక్కపక్కన పరచి, మొదటి వాక్యం నుంచి కడ వాక్యం దాకా ఒకరికొకరు చదివి చెప్పుకున్నారు. పెన్సిలు గీత ఆ రోజు మొదలైంది.

వార్త ఎలా పుడుతుంది?

పత్రికలవారు పనిగట్టుకొని అబద్ధాలు రాస్తారని అనుకోవడం తేలిక. అది న్యాయం కాదు. శేషాచలం ఉదంతంలోనే పోలీసుల కథనాన్ని ప్రశ్నించిన తెలుగు విలేకరులున్నారు; న్యాయస్థానానికి వెళ్లిన తెలుగు పౌరహక్కుల కార్యకర్తలున్నారు. చిక్కు వార్త పుట్టే తీరులో ఉన్నది. అడవిలోనో, ఠాణా గోడల నడుమనో ఒక మనిషి చనిపోతే ఆ సంగతి మొదట తెలిసేది పోలీసులకు. మొదట చెప్పేదీ వారే. రాత్రికి పత్రిక అచ్చుకు పోవాలి. చనిపోయినవాడు నోరు విప్పడు. అతని బంధువులు ఎక్కడో కొండమీద, మరొక భాషలో ఏడుస్తుంటారు. విలేకరికి రేపు మళ్లీ అదే ఠాణాకు వార్తలకై పోవలసిన అవసరం ఉంటుంది. ఈ స్థితిలో పోలీసు ప్రకటనలోని నామవాచకమే శీర్షికలోకి వచ్చి కూర్చుంటుంది.

నామవాచకం తరువాతి వంతు క్రియాపదానిది. "పోలీసులు కాల్చారు" అంటే అందులో కర్త ఉన్నాడు. "కాల్పులు జరిగాయి" అంటే కర్త లేడు. వాన కురిసినట్టు, గాలి వీచినట్టు కాల్పులు జరిగిపోయాయి. "ఎదురుకాల్పులు" అన్నప్పుడు అవతలివాడూ కాల్చాడన్న తీర్పు ఆ పదంలోనే ఇమిడిపోయి ఉన్నది. విచారణ ఇంకా మొదలు కాలేదు. పదం అప్పుడే సాక్ష్యం చెప్పేసింది. 2014 సెప్టెంబరులో సుప్రీం కోర్టు ఎన్‌కౌంటర్ మరణాలపై పదహారు మార్గదర్శక సూత్రాలు విధించింది. ప్రాథమిక సమాచార నివేదిక నమోదు కావాలని, స్వతంత్ర దర్యాప్తు, మెజిస్ట్రేటు విచారణ జరగాలని చెప్పింది. ఆ సూత్రాలు పోలీసులకే గాని పత్రికల పదకోశానికి వర్తించవు.

ఈ తొందరపాటుకు విలేకరి ఒక్కడే కారణం కాడు. పాఠకుడి మనసులో అప్పటికే ఉన్న బొమ్మ కూడా కారణమే. చనిపోయినవాడు తన భాష, తన కులం, తన రంగు, తన వీధి వాడైతే పాఠకుడు "ఎందుకు చంపారు?" అని అడుగుతాడు. పరాయివాడైతే "ఏం చేసి ఉంటాడు?" అని అడుగుతాడు. ఈ రెండు ప్రశ్నల నడుమ ఉన్న దూరమే ఒక వార్తకు, మరొక వార్తకు ఉన్న తేడా.

1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గోండు గిరిజనుల సభకు అనుమతి నిరాకరించిన పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క పదమూడు మంది. పౌరహక్కుల సంఘాల లెక్క అరవైకి పైగా. తెలుగు దేశపు నడిబొడ్డున, పట్టపగలు, సంత జరిగే ఊరిలో పోయిన ప్రాణాలకు కూడా ఒక్క అంకె కుదరలేదు. పట్టణ పాఠకుడికి గోండులు దూరపువారు కావడమే అందుకు ఒక కారణం.

తెల్లవారి కళ్లు, నల్లవారి పత్రిక

ఈ జబ్బు ఒక్క దేశానిది కాదు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగులో జనరల్ డయ్యర్ కాల్పులు జరిపించిన తరువాత, లండన్‌లోని మార్నింగ్ పోస్ట్ పత్రిక చనిపోయినవారి కుటుంబాలకై కాక డయ్యర్‌కై చందాలు పోగుచేసింది. పాఠకులు 26 వేల పౌండ్లకు పైగా పంపారు. అదే కాలంలో బొంబాయి క్రానికల్ సంపాదకుడైన బి.జి.హార్నిమన్, తానూ ఆంగ్లేయుడే అయినా, పంజాబు దురంతాలను బయటపెట్టే పక్షాన నిలిచినందుకు దేశం నుంచి బహిష్కృతుడయ్యాడు. ఒకే జాతివారి చేతిలో కలం రెండు విధాలుగా నడిచింది. పుట్టిన జాతి కలాన్ని ఒకవైపు లాగుతుంది; అయితే దానిని కట్టిపడేయలేదు.

మన ఉత్తరాంధ్రకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉన్నది. 1924 మే 7న కొయ్యూరు వద్ద అల్లూరి సీతారామరాజును పట్టుకొని, విచారణ లేకుండా కాల్చి చంపారు. పారిపోబోతుంటే కాల్చవలసి వచ్చిందని అధికార కథనం. నూరేళ్ల తరువాత కూడా అదే వాక్యం, ఊరు పేరు, మనిషి పేరు మాత్రం మార్చుకొని పత్రికలలో కనబడుతూనే ఉన్నది. ఆ పోరాటం ప్రభుత్వ పత్రాలలో "పితూరీ". జనం నోట స్వాతంత్ర్య సమరం. రంప పోరాటంలో పట్టుబడినవారిని ఈ అండమాన్ దీవులకే తెచ్చారు. అలా ఇక్కడ శిక్ష అనుభవించిన గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. "తిరుగుబాటుదారు" అన్న మాట "గౌరవ సభ్యుడు"గా మారడానికి ఒక తరం పట్టింది.

అమెరికాలో 1967 నాటి నగర అల్లర్ల తరువాత నియమితమైన కెర్నర్ సంఘం 1968లో నివేదిక ఇస్తూ, పత్రికా ప్రపంచం దేశాన్ని తెల్లవారి కళ్లతోనే చూస్తున్నదని నిష్కర్షగా చెప్పింది. సంపాదక వర్గాలలో పనిచేసేవారిలో నల్లవారు నూటికి అయిదుగురు కూడా లేరని లెక్క చూపింది. అర్ధ శతాబ్దం గడిచాక, 2020 మే 25న మినియాపొలిస్ నగరంలో జార్జ్ ఫ్లాయిడ్ ఒక పోలీసు మోకాలి కింద ప్రాణం విడిచాడు. పోలీసుల మొదటి ప్రకటనలో మోకాలి ప్రసక్తి లేదు. పోలీసులతో వ్యవహారం నడుస్తుండగా ఒక మనిషి అస్వస్థతతో మరణించాడన్నట్టు మాత్రమే ఉన్నది. పదిహేడేళ్ల బాలిక ఒకతె తన ఫోనులో ఆ దృశ్యాన్ని పట్టి ఉండకపోతే, ఆ ప్రకటనే వార్తగా మిగిలిపోయేది. మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి సంఘం ఆ బాలికకు ప్రత్యేక గౌరవం ప్రకటించింది. 2020 డిసెంబరులో కాన్సాస్ సిటీ స్టార్ పత్రిక, దశాబ్దాలుగా నల్లవారి జీవితాలను తాను వక్రంగా చూపినందుకు తన పుటలలోనే క్షమాపణ చెప్పుకొన్నది.

అమెరికా నల్లవారు మాత్రం ఆ క్షమాపణ కోసం కాచుకొని కూర్చోలేదు. షికాగోలో 1905లోనే డిఫెండర్ అనే సొంత పత్రిక పెట్టుకొన్నారు. తమ చావుకు తామే శీర్షిక రాసుకొన్నారు.

"మన పిల్ల"

ఆ వృద్ధుడికీ సొంత పత్రిక విలువ తెలియకపోలేదు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి వద్ద, థర్మల్ విద్యుత్ కేంద్రాలను వ్యతిరేకించిన ప్రజలపై పోలీసు కాల్పులు జరిగాయి. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. రెండూ ఆయన సొంత జిల్లా ఊళ్లే. అప్పుడు తెలుగు పత్రికలలో చనిపోయినవారి పేర్లు, ఫొటోలు, ఇంటి ముందు ఏడ్చే భార్యాబిడ్డలు కనబడ్డారు. ఆయన ఆ పత్రికలను మడిచి రేకు పెట్టెలో దాచుకొన్నాడు. ఎంత దూరాన ఉన్నా తనవాళ్ల గోడు అచ్చులో చూసుకోగలగడం ఎంత ఊరటో ఆయనకు తెలుసు. శేషాచలం తగవు రేగిన రాత్రి ఆ పెట్టె తెరిచి చూసినప్పుడే, జవ్వాదు కొండలలోనూ ఎవరో ఒకరు తమిళ పత్రికను అలాగే మడిచి దాచుకొని ఉంటారన్న సంగతి ఆయనకు స్ఫురించింది.

2023 సెప్టెంబరులో ఒక సాయంత్రం, కళాశాలలో చదివే మనుమరాలు ఫోను పట్టుకొని కన్నీళ్లతో వచ్చింది. అమెరికాలోని సియాటిల్ నగరంలో ఆ ఏడు జనవరి 23న, గంటకు 25 మైళ్ల పరిమితి ఉన్న వీధిలో 74 మైళ్ల దాకా వేగంతో నడిపిన పోలీసు కారు ఢీకొని, కర్నూలు జిల్లా ఆదోనికి చెందిన ఇరవై మూడేళ్ల విద్యార్థిని మరణించింది. ఆ సంఘటన గురించి మరొక పోలీసు అధికారి ఫోనులో నవ్వుతూ మాట్లాడుతూ, ఆ ప్రాణానికి పెద్దగా విలువ లేదన్న అర్థం వచ్చేటట్టు అన్న మాటలు అతని ఒంటిమీది కెమెరాలోనే నమోదై బయటికి వచ్చాయి. న్యాయవాదుల ధోరణిని ఎగతాళి చేశానని అతడు సమర్థించుకొన్నాడు. కారు నడిపిన అధికారిపై క్రిమినల్ అభియోగం మోపబోమని 2024 ఫిబ్రవరిలో అక్కడి ప్రాసిక్యూటరు ప్రకటించింది. నవ్విన అధికారిని 2024లో, కారు నడిపిన అధికారిని 2025లో ఉద్యోగాల నుంచి తొలగించారు.

"సూడు తాతా, మన పిల్లకి వాళ్లు కట్టిన ఇలువ!" అన్నది మనుమరాలు.

తెలుగు పత్రికలన్నీ ఆ పిల్ల పక్షాన నిలిచాయి. నిలవడం ధర్మం. ఆమె చదువు, ఆమె తల్లి పడ్డ కష్టం, ఆమె ఆశలు పుటలకు పుటలు వచ్చాయి. ఆయన అవన్నీ చదివాడు. ఆయన కళ్లూ చెమర్చాయి. తరువాత రేకు పెట్టె అడుగునుంచి 2015 ఏప్రిల్ నాటి పత్రిక తీసి మనుమరాలి ముందు పెట్టాడు.

"ఈ ఇరవై మందికీ మనం కట్టిన ఇలువ ఏటో ఇందులో సూడమ్మా" అన్నాడు.

ఆ అమ్మాయి ఆ పుటను చదివి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లిగా ఒక ప్రశ్న వేసింది.

"తమిళపోల్లకి తమిళ పేపరుంది. మనకి మన పేపరుంది. పేపరే లేనోల్ల సంగతేటి తాతా?"

ఏ పత్రికా లేనివారు

ఆ ప్రశ్నకు సమాధానం జంగ్లీఘాట్‌కు ఎంతో దూరంలో లేదు.

1858లో ఆంగ్లేయులు ఈ దీవులలో ఖైదీల వలస స్థాపించారు. 1859 మేలో అండమానీ జాతివారు తమ నేలను కాపాడుకోవడానికి అబర్డీన్ వద్ద ఆ వలసపై దండెత్తారు. పారిపోయి వారి మధ్య ఏడాదికి పైగా బ్రతికిన దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ ముందుగా వచ్చి సమాచారం అందించడంతో దాడి విఫలమైంది. అతనికి క్షమాభిక్ష లభించింది. అతని పేరు చరిత్రలో నిలిచింది. తుపాకులకు నేలకూలిన అండమానీయుల పేర్లు ఎక్కడా లేవు. ఎందరన్న లెక్కా లేదు. ఆనాడు వేలలో ఉన్న గ్రేట్ అండమానీలు 1961 జనాభా లెక్కల నాటికి పందొమ్మిది మంది మిగిలారు.

జారవాల కథా అంతే. వారిని అదుపులో ఉంచడానికి వలస ప్రభుత్వం బుష్ పోలీసు దళాన్ని ఏర్పరచింది. 1925లో జరిపిన దండయాత్రలో ముప్పై మందికి పైగా జారవాలు హతులైనట్టు లెక్క ఉన్నది. ఒక్క పేరు లేదు. స్వాతంత్ర్యం తరువాతా అడవి అంచున బుష్ పోలీసు కాపలా కొనసాగింది. 1970లలో అండమాన్ ట్రంకు రోడ్డును జారవా అడవి మధ్యగా వేశారు. బాణం తగిలి చనిపోయిన కూలీలున్నారు. వారి వెనుకా పేద కుటుంబాలున్నాయి. వారి మరణం వార్త అయింది. చెట్ల అవతల కూలినవారి మరణం ఏ భాషలోనూ వార్త కాలేదు. జారవా రక్షిత ప్రాంతంలో ఆ రోడ్డును మూసివేయాలని 2002 మే 7న సుప్రీం కోర్టు ఆదేశించినా, వాహనాలు వరుసలు కట్టి నడుస్తూనే వచ్చాయి.

2012 జనవరిలో లండన్‌లోని అబ్జర్వర్ పత్రిక ఒక వీడియో బయటపెట్టింది. తిండి ఆశ చూపి జారవా స్త్రీలను పర్యాటకుల ముందు నాట్యమాడమంటున్న దృశ్యం అది. కాపాడవలసిన పోలీసులకే అందులో పాత్ర ఉన్నదని ఆ పత్రిక రాసింది; స్థానిక పోలీసులు ఖండించారు. దేశమంతటా గగ్గోలు పుట్టింది. రక్షణ చట్టాన్ని ఆ ఏడే సవరించి శిక్షలు పెంచారు. కాని ఆ రోడ్డుమీద ప్రయాణించిన వేలమందిలో ఎవరికీ తప్పనిపించని సంగతి, సముద్రాల అవతలి పత్రిక రాస్తే గాని తప్పుగా కనబడలేదు. దేశమంతా ఆ స్త్రీల శరీరాలను చూసింది. వారి మాట ఒక్కటీ వినలేదు.

జంగ్లీఘాట్ పడవలవారు మరొక తేడానూ మరచిపోలేదు. 2006 జనవరిలో పడవ కొట్టుకుపోయి ఉత్తర సెంటినెల్ దీవి తీరాన ఇద్దరు మత్స్యకారులు అక్కడివారి చేతిలో హతులయ్యారు. వార్త కొద్ది రోజులలో మణిగిపోయింది. 2018 నవంబరులో అదే దీవిలో ఒక అమెరికన్ మతప్రచారకుడు హతుడైతే ప్రపంచ పత్రికలన్నీ వారాల తరబడి రాశాయి. చంపినవారు ఒకరే, చంపిన తీరం ఒకటే. చనిపోయినవాడి దేశం మారింది. ఆ రెండుసార్లూ దీవివాసులను మాత్రం పత్రికలు ఒకే మాటతో పిలిచాయి: రాతియుగపు మనుషులు.

చెప్పని వార్త

మనుమరాలి ప్రశ్న విన్న రాత్రి ఆ వృద్ధుడు, భార్యకు కూడా చెప్పని సంగతి ఒకటి చెప్పాడు. 1976లో, ఇరవయ్యో ఏట, వేట సాగని నెలలలో ఆయన రోడ్డు పనికి కూలికి పోయాడు. శిబిరం అడవి అంచున ఉండేది. ఒకనాటి రాత్రి అడవిలో ఏదో చప్పుడైంది. కాపలా తుపాకులు పేలాయి. తరువాత చెట్ల అవతలి నుంచి ఒక మూలుగు వినిపించింది. అది తెల్లవారేవరకూ ఆగి ఆగి వినిపించి, ఆ తరువాత వినిపించలేదు. గాలిలోకి కాల్చామన్నారు కాపలావారు. ఎవరూ వెళ్లి చూడలేదు. వారం తరువాత పోర్ట్ బ్లెయిర్‌కు వచ్చినప్పుడు, పత్రికలకు వార్తలు పంపే ఒక పెద్దమనిషి టీ బడ్డీ దగ్గర పలకరించి, అక్కడ విశేషాలేమిటని అడిగాడు.

"ఏటీ లేదండి అన్నాను" అన్నాడు ఆయన. "భయపడి కాదమ్మా. నిజంగానే ఏటీ లేదనిపించింది. మన కూలోడికి బాణం తగిలుంటే సెప్పీవోణ్ణి."

మనుమరాలు ఏమీ అనలేదు.

"పత్రికలని నేనేటి తప్పు పడతాను? ఆ రోజు నన్నే అడిగారు. నేనే రాయనియ్యలేదు."

ఆ రాత్రి ఆయన కోరిక మీద ఆ అమ్మాయి ఒక నోటు పుస్తకం తీసి, తేదీ వేసి, ఆ సంగతిని తెలుగులో రాసింది. శీర్షిక ఏం పెట్టమంటావని అడిగితే ఆయనకు తోచలేదు. "మూలిగిన మనిషి పేరు" అని రాసి, పక్కన ఒక గీత గీసి ఖాళీ వదలమన్నాడు.

తమిళ మిత్రుడికి ఇప్పుడు చూపు మందగించింది. అయినా సాయంత్రం అరుగు మీద రెండు పత్రికలూ పక్కపక్కనే ఉంటాయి. పోలీసుల చేతిలో ఎవరో చనిపోయిన వార్త వస్తే ఇద్దరూ మూడు ప్రశ్నలు వేసుకొంటారు. చనిపోయినవాడికి ఇందులో పేరున్నదా? ఈ సంగతి ఎవరు చెప్పారు? అవతలివాళ్లు ఏమన్నారో ఒక్క వాక్యమైనా ఉన్నదా? మూడింటిలో ఒక్కదానికి జవాబు దొరకకపోయినా, ఆ వార్తను నమ్మడం మరునాటికి వాయిదా వేస్తారు.

చాలా రోజులు వాయిదాలోనే గడిచిపోతాయి. పెన్సిలు మాత్రం అరిగిపోతూ ఉంటుంది. మనుమరాలు కొత్తది కొని తెస్తుంది.